తడి ఆరకముందే వచ్చే చలి: చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఇంటిని, కొట్టాన్ని సిద్ధం చేసుకోవడం

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో చలికాలం వానతోనే మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు 20 ప్రాంతంలో ప్రవేశిస్తాయి. అక్కడి నుంచి డిసెంబరు నడిమి వరకు బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు, తుపాన్లు ఈ ప్రాంతాన్ని ఏదో ఒక వైపు నుంచి తాకుతూనే ఉంటాయి. వాన వెనక్కి తగ్గే వేళకు పగలు కురచబడి, రాత్రి మంచు దిగి, సంక్రాంతి దాటేదాకా చలి నిలుస్తుంది. అంటే ఇక్కడి రైతు ఇల్లు మూడు నెలల్లో రెండు వేర్వేరు కాలాలను తట్టుకోవాలి. ఈ రెండింటినీ ముడిపెట్టేది చెమ్మ. కార్తీకంలో గోడలోకి, గడ్డి వామిలోకి, కొట్టం నేలలోకి దిగిన తడి ఎండ పదును తగ్గిన మార్గశిరంలో ఆరదు. దూడ చనిపోయినా, మేత బూజుపట్టినా, ముసలివాళ్లకు ఆయాసం ముదిరినా, కారణం వెతికితే చాలాసార్లు తేలేది చలి ఒక్కటే కాదు, ఆరని తడి మీద పడిన చలి. అందుకని సన్నద్ధత అంటే ముందుగా నీటిని ఇంటికి దూరంగా పంపే పని. దుప్పట్లు, కుంపట్లు ఆ తర్వాతి మాట.

ఈ రెండు జిల్లాల్లోనూ అన్ని ఊళ్ల పరిస్థితి ఒకటి కాదు. తూర్పున సత్యవేడు, వరదయ్యపాళెం, శ్రీకాళహస్తి, నాయుడుపేట, నగరి వైపు నేల పల్లం, సముద్రం దగ్గర. అక్కడ ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యనే కురుస్తుంది. పడమట పలమనేరు, పుంగనూరు, కుప్పం, పాత చిత్తూరు జిల్లాలో భాగమైన మదనపల్లె మైసూరు పీఠభూమి అంచున సుమారు 600 నుంచి 750 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. అక్కడ వాన కొంత తక్కువైనా చలి గట్టిది. మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరంలో 1910ల్లో క్షయరోగుల ఆసుపత్రిని నెలకొల్పడానికి అక్కడి పొడి, చల్లని గాలే ఒక కారణం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆ ప్రాంతంలో ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగడం మామూలే. ఈ రెండింటి మధ్య తిరుపతి చుట్టుపక్కల పల్లెలది మరో తీరు. సముద్రం మీది నుంచి వచ్చే తేమ గాలి శేషాచలం కొండలకు తగిలి పైకి లేచినప్పుడు కొండ మీద కుంభవృష్టి కురుస్తుంది. ఆ నీరు కొద్ది గంటల్లోనే వంకల గుండా కింది ఊళ్ల మీద పడుతుంది. కాబట్టి తూర్పు ఊళ్లు నీటికీ, పడమటి ఊళ్లు చలికీ, కొండ కింది ఊళ్లు ఉన్నట్టుండి వచ్చే వంక ప్రవాహానికీ ఎక్కువ జాగ్రత్త పడాలి.

గడచిన కొన్నేళ్ల అనుభవం ఈ కాలపు తీవ్రతను స్పష్టంగానే చూపించింది. 2020 నవంబరు 25, 26 తేదీల మధ్య రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన నివర్ తుపాను బలహీనపడుతూ రాయలసీమ వైపు వచ్చి చిత్తూరు జిల్లాలో వాగులన్నింటినీ పొంగించింది. 2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుమల, తిరుపతిలో కురిసిన వానకు స్వర్ణముఖి ఉప్పొంగింది; రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకులు పడడంతో దిగువ గ్రామాలను ఖాళీ చేయించవలసి వచ్చింది. 2022లో మాండూస్ డిసెంబరు రెండో వారంలో వచ్చింది. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేముందు రెండు రోజుల పాటు తీరాన్ని ఆనుకుని సాగుతూ తిరుపతి జిల్లా తూర్పు మండలాలను ముంచింది. వీటి తేదీలను బట్టి చూస్తే ముప్పు ఎక్కువగా నవంబరు నడిమి నుంచి డిసెంబరు రెండో వారం వరకు, అంటే విశాఖ చివరి నుంచి జ్యేష్ఠ కార్తె వరకు ఉంటుంది. కప్పు, కాలువ, వామి పనులు చిత్త కార్తెలోనే, అక్టోబరు 24 లోపే ముగించుకోవాలనడానికి ఇదే ఆధారం. దీపావళి అయ్యాక చూద్దామనుకునే ఇళ్లకు చాలా ఏళ్లలో పని మొదలుపెట్టే వ్యవధి కూడా దొరకదు.

వాన ముందు అందరి చూపూ కప్పు మీదికే పోతుంది. అది సహజమే కానీ, పల్లె ఇంటికి ఎక్కువ చేటు కింది నుంచే వస్తుంది. వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజులో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు కురిస్తే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, ఆపైన అత్యంత భారీ. 100 మిల్లీమీటర్ల వాన పది సెంట్ల దొడ్డి మీద కురిస్తే దాదాపు 40 వేల లీటర్ల నీరు. ఆ నీటికి దారి ముందే చూపకపోతే అది గోడ మొదట్లో నిలుస్తుంది. మట్టి గోడ, బురదతో కట్టిన రాతి గోడ ఆ నీటిని అడుగు నుంచి పీల్చుకుంటూ పైకి ఎక్కిస్తాయి. రెండు మూడు అడుగుల ఎత్తు వరకు చెమ్మ గీత కనిపించే గోడలన్నీ ఇలా తడిసినవే. వాన వెలిశాక రెండో రోజో మూడో రోజో, అందరూ గండం గడిచిందనుకునే వేళ, పాత మట్టి గోడలు కూలడానికి కారణం కూడా ఇదే: అడుగు మెత్తబడి, తడిసిన పైభాగపు బరువును మోయలేకపోవడం. అలాంటి గోడ వైపు మంచాలు వేయకూడదు, పశువును కట్టకూడదు.

కాబట్టి మొదటి పని ఇంటి చుట్టూ వాలు సరిచేయడం. గోడ మొదట్లో మట్టి పోసి, గట్టిగా దిమ్మిస కొట్టి, బయటి వైపు వాలు ఉండేలా తీర్చాలి. చూరు నీళ్లు పడే చోట బండలో, కంకరో పరిస్తే నేల గుంట పడదు. దొడ్డి నుంచి నీరు వీధి కాలువలోకో, పొలంలోకో పోయే దారిలో ఏడాది పొడవునా పేరుకున్న మట్టి, కంప, ప్లాస్టిక్ సంచులు తీసివేయాలి. ఈ పనికి డబ్బు పట్టదు, ఒక పూట పార పట్టే మనిషి చాలు. పొరుగింటి నీరు మన దొడ్డిలోకి, మన నీరు వాళ్ల కొట్టంలోకి పోయే చోట తగవు రాకుండా ఇరువురూ నిలబడి కాలువ గీసుకోవడం కూడా వానకు ముందే జరగాలి. రాత్రి వానలో లాంతరు పట్టుకుని చేసే పంచాయితీ ఎవరికీ మేలు చేయదు. ఎరువు దిబ్బ బావికి ఎగువన ఉంటే దాని చుట్టూ గట్టు వేసి, ఊట బావి వైపు రాకుండా మళ్లించాలి.

కప్పుల సంగతి ఇంటి తీరును బట్టి మారుతుంది. మట్టి మిద్దెలు ఇప్పుడు తక్కువే అయినా పడమటి మండలాల్లో పాత ఇళ్లు, కొట్టాలు ఇంకా ఉన్నాయి. వాటిపై ఏటా వానకు ముందు చౌడు మట్టి పరిచే అలవాటుకు గట్టి కారణం ఉంది. చౌడులోని సోడియం వల్ల బంకమట్టి రేణువులు నీటిలో విడివిడిగా చెదిరి, ఉబ్బి, సందులన్నింటినీ పూడ్చివేస్తాయి. పంట పెరగనివ్వని అదే గుణం మిద్దె మీద నీరు దిగకుండా అడ్డం పడుతుంది. ఎర్రమట్టి పరిస్తే ఆ పని జరగదు. చౌడు పోసే ముందు మిద్దె మీద మొలిచిన గడ్డిని వేళ్లతో సహా పెరకాలి, ఎలుక బొరియలు పూడ్చాలి, నీరు బయటికి పోయే గొట్టాల నోళ్లు శుభ్రం చేయాలి. ఒకేసారి మందంగా పోసి మిద్దెకు బరువు పెంచడం మాత్రం తప్పు. కొట్టుకుపోయినంత మేరకే కొత్తది పోయాలి. దూలం పగిలి ఉంటే చౌడు కంటే ముందు దానికి ఊతకర్ర పెట్టాలి.

సిమెంటు మిద్దెకు వాననీటి గొట్టాల్లో ఆకులు అడ్డుపడడమే పెద్ద ఇబ్బంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద నాలుగు అంగుళాల నీరు నిలిచిందంటే తొమ్మిది టన్నులకు పైగా బరువు పడినట్టే. పగుళ్ల గుండా ఇనుముకు తడి తగిలి, తుప్పు పట్టి, రెండు మూడేళ్లలో లోపలి పెచ్చులు ఊడుతాయి. పెంకుటింటికి జారిన పెంకులు సర్దడం, పగిలినవి మార్చడం చాలు. రేకుల కప్పుకు శత్రువు వాన కంటే గాలి. గాలి చూరు కింద దూరి రేకును పైకి లేపుతుంది. అందుచేత చూరు వరుసలోని బోల్టులు, వాటి కింది వాషర్లు ముందుగా చూసుకోవాలి. రేకుల మీద రాళ్లు పెట్టే అలవాటు ప్రమాదకరం, రేకు ఎగిరినప్పుడు ఆ రాయి కింద ఉన్నవాళ్ల మీదే పడుతుంది. ఇసుక నింపిన సంచులను తాడుతో వాసాలకు కట్టడం మేలు. ఇంటిని ఆనుకుని ఉన్న మునగ చెట్టు కొమ్మలను కాలానికి ముందే కొట్టివేయాలి. మునగ కొయ్య పెళుసు, ఓ మోస్తరు గాలికే విరుగుతుంది.

మేత విషయంలో ఈ ప్రాంతపు రైతుకు ఎదురయ్యే చిక్కు ప్రత్యేకమైనది. ఖరీఫ్ వేరుశనగ పీకే కాలం, ఈశాన్య వానలు దిగే కాలం ఒకదాని మీద ఒకటి పడతాయి. కాయ ఎండాలి, కట్టె (కాయ కోశాక మిగిలే ఆకు, తీగ) ఎండాలి, కళ్లంలో చోటు ఒక్కటే. పాడి మీద బతికే ఇల్లు కాయతో పాటు కట్టెనూ అంతే శ్రద్ధగా కాపాడుకోవాలి, ఎందుకంటే రాబోయే వేసవి దాకా పశువుకు బలమిచ్చే ఎండుమేత అదే. వరిగడ్డి కంటే వేరుశనగ కట్టెలో మాంసకృత్తులు ఎక్కువ, ఆకు ఎక్కువ. తడిస్తే ఆ ఆకే మొదట నల్లబడి, బూజు పట్టి రాలిపోతుంది. వరిగడ్డి పైన తడిసినా లోపల నిలుస్తుంది, పై పొర చెడినా అది కింది దాన్ని కాస్తుంది. కప్పు కింద చోటు కొంచెమే ఉన్న ఇంట్లో ఆ చోటు వేరుశనగ కట్టెకు ఇచ్చి, వరిగడ్డిని ఆరుబయట వామి వేయడం తెలివైన పని. చాలా దొడ్లలో దీనికి తలకిందులుగా జరుగుతోంది.

ఎంత మేత కావాలో ముందే లెక్క వేసుకోవచ్చు. ఒక సంకర జాతి ఆవుకు రోజుకు ఆరు కిలోల ఎండుమేత చొప్పున, నవంబరు నుంచి జనవరి దాకా 90 రోజులకు రెండు ఆవులకు దాదాపు 1,080 కిలోలు పడుతుంది. వానల్లో గట్ల మీద పచ్చగడ్డి విరివిగా దొరుకుతుంది కదా అని ఎండుమేత మానిపిస్తే పేడ పలచబడుతుంది, పీచు తగ్గి పాలలో వెన్న శాతం పడిపోతుంది. వెన్న మీద ధర కట్టే పాలకేంద్రంలో ఆ నష్టం మరుసటి పూటే చీటీలో కనిపిస్తుంది.

వామి వేయడంలో మెలకువ అడుగు నుంచే మొదలవుతుంది. నేల మీద నేరుగా వేసిన వామి అడుగున ఒక అడుగు మందం మేత చెమ్మకు కుళ్లిపోతుంది. రాతి కూసాలు పరిచి, వాటి మీద కట్టెలు, కంది పొరక అడ్డంగా వేసి ఆపైన మోపులు పేర్చితే కింద గాలి ఆడుతుంది. పేర్చేటప్పుడు నడిమి భాగం ఎప్పుడూ అంచుల కంటే ఎత్తుగా ఉండాలి. మోపుల కొసలు బయటికి, కిందికి వాలి ఉంటే వాన వాటి వెంట జారిపోతుంది. మధ్యలో పల్లం పడిందంటే నీరు నేరుగా వామి గుండెల్లోకే దిగుతుంది. కొప్పు మీద బోదగడ్డి గానీ, వరిగడ్డి గానీ మందంగా పరిచి, తాళ్లకు రాళ్లు వేలాడగట్టి బిగించాలి. టార్పాలిన్ కప్పేవాళ్లు దాన్ని నేల దాకా దించి మూసివేయకూడదు. లోపలి ఆవిరి పట్టకే అంటుకుని తిరిగి మేత మీదే కారుతుంది. సగం ఎండిన మేతను తొందరలో వామి వేస్తే లోపల సూక్ష్మజీవుల వల్ల వేడి పుడుతుంది. ఒక ఇనుప కమ్మీని వామి నడిమికి గుచ్చి, పావుగంట ఉంచి తీసి, చేత్తో పట్టుకుని చూస్తే సంగతి తెలుస్తుంది: వెచ్చగా ఉంటే కనిపెట్టి ఉండాలి, పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆ రోజే వామి విప్పి ఆరబెట్టాలి.

బూజు పట్టిన కట్టెను, తడిసిన నూనెచెక్కను దులిపి పశువుకు పెట్టడం సర్వత్రా ఉన్న అలవాటు. దులిపితే రంగు పోతుంది, విషం పోదు. వేరుశనగ, మొక్కజొన్నల మీద పెరిగే బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ పశువు కాలేయాన్ని దెబ్బతీసి, పాలలోకీ దిగుతుంది; ఆ పాలు తాగేది ఇంట్లోని పిల్లలే. కాయను గోతాల్లో నింపే ముందు లోపలి గింజ గలగలలాడేదాకా, అంటే తేమ 8 శాతానికి తగ్గేదాకా ఎండబెట్టాలని చెప్పేది ఇందుకే. గోతాలను బండల మీద కాకుండా చెక్కల మీద, గోడకు ఒక అడుగు ఎడంగా పేర్చాలి. రాగులు చాలా ఏళ్లు నిలిచే గింజ అయినా పల్లపు చోట ఉన్న పాతరలో ఊట ఎక్కితే గంపెడు కూడా మిగలవు. తూర్పు మండలాల్లో ఈ కాలానికి పాతరను నమ్ముకోకపోవడమే మంచిది. చింతపండు, మిరపకాయలు, వడియాలు చిత్త కార్తె ఎండలో మరోసారి ఆరబెట్టి జాడీల్లోకి ఎత్తిపెట్టుకుంటే సరిపోతుంది. మంచుకాలపు అనపకాయ (చిక్కుడు జాతి) పాదులు మాత్రం ఈ కాలపు వరం. వాటి మొదట్లో నీరు నిలవకుండా చూసుకుంటే పుష్యంలో పితికిపప్పుకు కొదవ ఉండదు.

కొట్టంలో ముందుగా చూడవలసింది నేల. ప్రతి ఐదు అడుగులకు ఒక అంగుళం వాలు ఉంటే మూత్రం, కడిగిన నీరు వెనక కాలువలోకి పోతాయి. గుంటలు పడిన మట్టి నేలను మొరంతో పూడ్చి గట్టి చేయాలి. తడి నేల మీద పడుకున్న పాడి ఆవుకు పొదుగువాపు, నిలబడిన గొర్రెకు గిట్టల కుళ్లు తప్పవు. గొర్రెలు, మేకలకు వెదురు, సరుగుడు కర్రలతో నేలకు రెండు మూడడుగుల ఎత్తున మంచె వేస్తే పెంటికలు కిందికి రాలిపోయి పడక పొడిగా ఉంటుంది.

టీకాల సంగతి వానలు దిగకముందే తేల్చుకోవాలి. ఆవులకు, గేదెలకు గాలికుంటు, గొంతువాపు టీకాలు. గొర్రెలకు చిటుక రోగం, పారుడు రోగం, నీలి నాలుక టీకాలు పశువైద్యుడి సలహా మేరకు వేయించాలి. నీలి నాలుక వ్యాధి దక్షిణాదిలో ఎక్కువగా కనిపించేది ఈశాన్య వానల తర్వాతే, ఎందుకంటే దాన్ని మోసే సన్నని దోమల వంటి ఈగలు బురదలో, పేడలో పెరుగుతాయి. చెరువులు నిండాక అంచున పచ్చగా మొలిచే గడ్డి మీదికి మందను తోలడం మరో ముప్పు. నత్తల్లో పెరిగి ఆ గడ్డిని అంటిపెట్టుకుని ఉండే కార్జపు జలగ (లివర్ ఫ్లూక్) పిల్లలు మేతతో పాటు లోపలికి పోయి పశువు కాలేయంలో చేరతాయి, రెండు మూడు నెలలకు దవడ కింద నీరు దిగి పశువు చిక్కిపోతుంది. ఆ గడ్డిని కోసి, ఎండబెట్టి వేయడం, వానల చివర ఒకసారి జలగ మందు తాగించడం ఇందుకు మార్గం. పశువుకు అత్యవసర వైద్యం కావలసి వస్తే 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార వాహనం వస్తుంది. వాగు పొంగి దారి తెగే ఊళ్లలో మాత్రం కడుపుబ్బరం మందు, గాయాల మందు, ఉప్పు, బెల్లం ఇంట్లోనే ఉండాలి.

కరెంటు వల్ల జరిగే చావులు ఈ కాలంలో అన్నింటికన్నా బాధాకరం, ఎందుకంటే దాదాపు అన్నీ నివారించగలిగినవే. స్తంభం స్టే వైరుకు పశువును కట్టడం, ఇంటి సర్వీసు తీగకు ఆసరాగా ఉన్న ఇనుప కమ్మీకే బట్టల దండెం కట్టడం, మోటారు స్టార్టరు పెట్టెను కప్పులేని గోడకు బిగించడం ఏ ఊళ్లో చూసినా కనిపిస్తాయి. దండేనికి ఇనుప తీగ బదులు నైలాన్ తాడు కట్టాలి. స్టార్టరు కింద పొడి చెక్క వేయాలి, ఎర్తు గుంటలో తీగ తెగిందేమో చూసుకోవాలి, తడి చేత్తో మీట వేయకూడదు. తెగిన తీగ కనిపిస్తే దగ్గరికి పోకుండా, ఎవరినీ పోనివ్వకుండా 1912కు చెప్పాలి.

వరద నీరు చేరిన బావిలో నీటిని చూసి మంచిచెడులు చెప్పలేం, బ్లీచింగ్ పొడితో శుద్ధి చేయాలి. పొడి ఎంత వేయాలో తెలియాలంటే ముందు బావిలో నీరెంతో లెక్క కట్టాలి. బావి వ్యాసాన్ని అదే వ్యాసంతో గుణించి, నీటి లోతుతో గుణించి, 0.785తో గుణిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. కొలతలన్నీ మీటర్లలోనే ఉండాలి. ఒక్కో ఘనపు మీటరుకు, అంటే వెయ్యి లీటర్లకు, మంచి బ్లీచింగ్ పొడి సుమారు 2.5 గ్రాములు చాలు. పొడిని బకెట్లో కలిపి, సున్నపు మడ్డి అడుగుకు దిగాక పైతేటను మాత్రమే బావిలో పోసి, కనీసం గంట ఆగాలి. బురద కలిసిన నీటికి ఈ మోతాదు సరిపోదు, అందువల్ల ముందు తోడి పోసి, నీరు తేటపడ్డాకే మందు వేయాలి. మూత తెరిచి నిల్వ ఉంచిన పొడిలో బలం ఉండదు.

చెరువు కింది ఊళ్లకు ఇంటి గోడల కంటే చెరువు కట్ట ముఖ్యం. మొరవ (చెరువు నిండాక నీరు పొర్లిపోయే చోటు) దగ్గర చేపల కోసం అడ్డుపెట్టిన వలలు, మట్టి, రాళ్లు వాన ముందే తీసివేయాలి. కట్ట మీద కంప చెట్ల వేళ్లు చచ్చి వదిలే బొరియలు, ఎండ్రకాయల కన్నాలు నీటికి దారి చూపుతాయి. కట్ట వెనుక వైపు తేట నీరు ఊరడం కొంతవరకు మామూలే. ఊట బురదగా మారిందంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం, ఆ క్షణమే ఊరికి చెప్పి ఎత్తైన చోటుకు కదలాలి. వాతావరణ శాఖ నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇచ్చిన రాత్రి పశువుల మెడ తాళ్లు విప్పి ఉంచడం చిన్న పనే, కట్టుకొయ్యకు బిగించి ఉన్నవే వరదలో ముందు చనిపోతాయి.

నష్టం జరిగితే పరిహారం దక్కేది కాగితం ఉన్నవాళ్లకే. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనల్లో 2022–26 కాలానికి పాడి ఆవుకు, గేదెకు 37,500 రూపాయలు, గొర్రెకు, మేకకు 4,000 రూపాయలు నిర్ణయించారు. పశువు చనిపోయినప్పుడు పూడ్చిపెట్టకముందే పశువైద్యుడి చేత శవపరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. పశువు చెవి పోగు నంబరు, కొట్టం ఫొటో, పాసుపుస్తకం, ఆధారు నకళ్లు ఒకే ప్లాస్టిక్ సంచిలో వేసి అటక మీద పెట్టుకోవడం ఇంటి పెద్దలు తలచుకుంటే ఒక సాయంత్రపు పని.

మూల కార్తె నాటికి, అంటే డిసెంబరు నడిమికి, సాధారణంగా వాన తెరిపి ఇస్తుంది. ఆ తర్వాత దొరికే పొడి రోజులను పూర్తిగా ఆరబెట్టే పనికే కేటాయించాలి. పరుపులు, కంబళ్లు, గోతాలు ఎండలో వేయాలి. గోడకు ఆనించిన సామాను ఎడంగా జరపాలి. కొట్టం నేల మీద సున్నం చల్లి రెండు పూటలు ఖాళీగా వదలాలి. పగలు తలుపులు, కిటికీలు తెరిచి ఉంచితేనే గోడ లోపలి చెమ్మ బయటికి పోతుంది. చలి అని రోజంతా మూసిపెట్టిన ఇల్లు ఫిబ్రవరి దాకా ఆరదు.

పెద్ద పశువుకు ఇక్కడి చలి ఏమంత లెక్క కాదు. ఒళ్లు పొడిగా, కడుపు నిండా ఉంటే కుప్పం, పలమనేరు రాత్రులను తేలిగ్గా తట్టుకుంటుంది. ఇబ్బంది నెలలోపు దూడలకు, ఈనిన కొత్త మేక పిల్లలకు, కోడి పిల్లలకు. వాటికి ఒత్తుగా ఎండుగడ్డి పరుపు వేసి, తడిసిన వెంటనే మార్చాలి. గాలి వచ్చే వైపు గోనె పట్టాలు కట్టినా, కప్పు కింద జానెడు సందు వదలాలి. అన్నీ మూసేసిన కొట్టంలో మూత్రపు ఘాటు నిలిచి ఊపిరితిత్తులు చెడతాయి. రేకుల కప్పు అయితే పశువుల ఊపిరి ఆవిరి రేకు అడుగున నీటి బొట్లుగా పట్టి తెల్లవారుజామున వాటి వీపుల మీదే కారుతుంది. కోళ్లకు కొక్కెర తెగులు టీకా ఈ నెలల్లో తప్పనిసరి.

పట్టుపురుగులు పెంచే పలమనేరు, కుప్పం, మదనపల్లె ఇళ్లకు చలి నేరుగా రాబడి మీద దెబ్బ కొడుతుంది. చాకీ (చిన్న పురుగుల) దశకు 26 నుంచి 28 డిగ్రీలు, పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలు కావాలి. అంతకు తగ్గితే పురుగు ఆకు తినడం తగ్గించి, కాపు రోజులు పెరిగి, గూడు పలచబడుతుంది. షెడ్డు వేడి చేయడానికి బొగ్గుల కుంపటి పెట్టేవాళ్లు దాన్ని బయట పొగ పోయి నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తేవాలి, పైన గాలి సందు తెరిచి ఉంచాలి, రాత్రి ఎవరూ షెడ్డులో పడుకోకూడదు. ఇంట్లో మనుషులు పడుకునే గదికైతే కుంపటి అసలే కూడదు. మూసిన గదిలో బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లకు తల తిరగడం కూడా తెలియదు. ముసలివాళ్లకు, పసిపిల్లలకు పొడి గది, రెండు కంబళ్లు, పడుకునే ముందు గోరువెచ్చని అంబలి, ఇవే భద్రమైన వేడి.

ఈ కాలపు జ్వరాల్లో దోమల వల్ల వచ్చేవి అందరికీ తెలిసినవే. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో చలినెలల్లో ఎక్కువగా కనిపించే స్క్రబ్ టైఫస్‌ను మాత్రం ఇళ్లలో ఇంకా ఆలస్యంగానే గుర్తిస్తున్నారు. వానల తర్వాత పెరిగిన పొదల్లో, గట్ల మీది గడ్డిలో, ఎలుకలు తిరిగే కట్టెల కుప్పల్లో ఉండే కంటికి ఆనని చిగ్గర్ అనే నల్లి పిల్లలు (మంచపు నల్లులు కావు) కుట్టడం వల్ల ఇది వస్తుంది. కుట్టిన వారం, పది రోజులకు జ్వరం, తలనొప్పి మొదలవుతాయి. చంకలో, గజ్జల్లో, నడుము పట్టీ కింద, నొప్పి లేని నల్లటి పక్కు కనిపించవచ్చు, కొందరిలో కనిపించకపోనూవచ్చు. డాక్సీసైక్లిన్‌తో త్వరగా నయమయ్యే ఈ జబ్బు, పట్టించుకోకపోతే ఊపిరితిత్తులను, మూత్రపిండాలను, మెదడును దెబ్బతీస్తుంది. ఇంటి చుట్టూ పదడుగుల మేర పొదలు నరికివేసి, కట్టెలను నేలకు ఎత్తుగా పేర్చి, గడ్డి కోతకు పోయేవాళ్లు ఒళ్లంతా కప్పుకుని, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకుంటే చాలావరకు తప్పుతుంది. జ్వరం మూడు రోజులు దాటితే వైద్యుడి దగ్గర గడ్డి కోతకో, మేకల వెంటో పోయిన సంగతి తప్పకుండా చెప్పాలి, ఒళ్లు చూపించాలి; సరైన పరీక్ష రాయడానికి ఆ ఒక్క వివరమే చాలాసార్లు ఆధారమవుతుంది.